వెండి మీద పేర్లు చెక్కిన హార్నెట్ పెయింటర్ ఎలా అయ్యాడు? తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న — బేగంబజార్ బల్ల

నమస్కారం. బొమ్మల గురించి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని ఒక కస్టమర్ చెబితే వచ్చాను. ప్రశ్న చిన్నదే. కానీ ఎందుకు అడుగుతున్నానో చెప్పకపోతే అర్థం కాదు, అందుకే మొత్తం రాస్తున్నాను.

బేగంబజార్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణాల మధ్య మాకు ఒక బల్ల ఉంది. గిన్నెల మీద, బిందెల మీద పేర్లు చెక్కడం మా పని. నాయిన ముప్పై ఏళ్లు చేశాడు. ఆయన పోయాక పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నాను. పెళ్లి సామాను కొన్నవాళ్లు, గృహప్రవేశంలో పంచడానికి డబ్బాలు కొన్నవాళ్లు, పోయిన పెద్దల పేరున గుడికి పళ్లెం ఇచ్చేవాళ్లు వస్తారు. ఇంటిపేరు, ఊరు, తేదీ. నాయిన కాలంలో సన్న ఉలి, అరచేతిలో ఇమిడే సుత్తి. చుక్క పక్కన చుక్క కొడుతూ అక్షరం లాగేవాడు. నేను స్టీలుకు కరెంటు పెన్ను వాడుతున్నాను. వెండి వస్తే మాత్రం మిషన్ ముట్టను. కుంకుమ భరిణె మీద రెండక్షరాలైనా చేత్తోనే చెక్కుతాను, మిషన్ గీత వెండి మీద మొరటుగా ఉంటుంది.

రాత్రిపూట బొమ్మలు వేస్తాను. ఆరేళ్ల క్రితం ఆయిల్ రంగులు మొదలుపెట్టాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మాసబ్ ట్యాంక్‌లో బొమ్మలు నేర్పే కాలేజీలో చేరాలని పద్దెనిమిదేళ్లప్పుడు అనుకున్నాను, అదే ఏడాది నాయినకు చూపు తగ్గింది. నేను వేసేవన్నీ వస్తువులే. ఇత్తడి చెంబు, సొట్టపడిన పాలగిన్నె, నాయిన సుత్తి, నిమ్మకాయలు, ఆస్పత్రి చీటీ. మనిషిని కూర్చోబెట్టి వేయడానికి మా రెండు గదుల ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. చెంబు అయితే రాత్రి పదకొండింటికి కూడా పెట్టినచోటే ఉంటుంది.

పోయిన నెల మూడు బొమ్మలు ఆటోలో పెట్టుకుని జూబ్లీహిల్స్ వైపు ఒక గ్యాలరీకి తీసుకెళ్లాను. అక్కడ చూసినాయన మర్యాదగానే మాట్లాడాడు. "చెయ్యి బాగుంది. కానీ ఉన్నది ఉన్నట్టు దించడం ఆర్ట్ కాదు కదా, దానికి ఫోటో చాలు" అన్నాడు. ఇంటికొచ్చాక వారం రోజులు కుంచె పట్టుకోలేకపోయాను. నిజంగా చెబుతున్నాను, అంత బాధ నాయిన పోయినప్పుడు తప్ప ఎప్పుడూ పడలేదు.

తర్వాత ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఒక అమెరికా పెయింటింగుల పుస్తకం దొరికింది. అందులో ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పాత చెక్క తలుపు, తుప్పు పట్టిన మడతబందు, మేకుకు వేలాడుతున్న వయొలిన్, కింద తలుపు సందులో దోపిన నీలం కవరు. విలియం మైఖేల్ హార్నెట్, 1886 అని ఉంది. కింద ఒక్క వాక్యంలో, ఈయన ఐర్లాండ్ నుంచి వచ్చిన కుటుంబంలోవాడని, మొదట్లో వెండి సామాన్ల మీద అక్షరాలు చెక్కేవాడని రాశారు. ఆ తర్వాతి పేజీలు చినిగిపోయాయి.

ఆ మనిషి ఆ పని నుంచి ఈ పనికి ఎలా వచ్చాడు? కూలి ఎప్పుడు వదిలాడు, ధైర్యం ఎక్కడిది? బొమ్మలు ఎవరు కొన్నారు? ఆయనతో కూడా ఎవరైనా ఇది ఆర్ట్ కాదు అన్నారా? దయచేసి తెలిసినంత చెప్పండి.


జవాబు — చాదర్‌ఘాట్ సోషల్ మాస్టారు

అన్నా, పెయింటర్ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు వస్తారు. నేను ఒక్క మాట చెబుతాను.

ఏటా మా స్కూలు పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తాను. ముసుగు రెబెక్కా దగ్గర పిల్లలు ఒక్కసారిగా మాటలు మానేస్తారు. బెంజోని అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ అది. రాయి అని తెలుసు, అయినా ముఖం మీద తడిబట్ట కప్పినట్టే ఉంటుంది. పోయినసారి ఆరో తరగతి అమ్మాయి ఒకతి "సార్, ఆ గుడ్డ తీస్తే లోపల ముఖం ఉంటుందా?" అని అడిగింది. నిజం గుడ్డే కప్పొచ్చు కదా అని ఇప్పటిదాకా ఒక్క పిల్ల కూడా అడగలేదు.

మయసభ కథ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేలను చూసి నీళ్లనుకుని దుర్యోధనుడు పంచె ఎగ్గట్టాడు. నిజమైన మడుగు దగ్గర నేలనుకుని పడ్డాడు. ఆ సభ కట్టినవాణ్ణి మనం మహాశిల్పి అనే అంటాం, మోసగాడు అనం. కన్ను పొరపడేలా చేయడం ఎంత పెద్ద విద్యో మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ గ్యాలరీ ఆయన మాట పట్టుకుని కూర్చోకు.


జవాబు — నల్లకుంట డ్రాయింగ్ టీచర్

నాయనా, నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. పొద్దున లేచి కాఫీ తాగి కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు గవర్నమెంటు స్కూల్లో డ్రాయింగ్ చెప్పినదాన్ని, కాబట్టి కొంచెం క్లాసు చెప్పినట్టు ఉంటుంది, ఏమనుకోకు.

నువ్వు పుస్తకంలో చూసిన ఆ పాత వయొలిన్‌ను నేను ఎదురుగా నిలబడి చూశాను. అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్లాడు. టికెట్ లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు. వయొలిన్ అసలు వయొలిన్ ఎంత ఉంటుందో అంతే ఉంది. తీగల కింద రాలిన తెల్లటి పొడి ఉంది చూశావా, అది కమాను తీగ మీద లాగినప్పుడు రాలే రోజిన్ పొడి, కమానుకు రాసే ఎండిన చెట్టుజిగురు. మా నాన్నగారు వయొలిన్ వాయించేవారు, ఆ పొడి తుడవనిచ్చేవారు కాదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఒక వస్తువు బొమ్మ చూసి ఏడవడం నాకు అదే మొదటిసారి.

సరే, మనిషి సంగతి. హార్నెట్ పుట్టింది 1848 ఆగస్టులో, ఐర్లాండ్ దక్షిణాన క్లోనకిల్టీ అనే ఊళ్లో. అవి బంగాళదుంప పంటకు తెగులు పట్టి లక్షల మంది ఆకలితో చచ్చిపోతున్న రోజులు. బతికినవాళ్లు ఓడలెక్కి అమెరికా పోయారు. వీళ్ల కుటుంబం కూడా ఈయన పసివాడుగా ఉండగానే ఫిలడెల్ఫియా చేరింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఇల్లు గడవడానికి పిల్లవాడు పేపర్లు అమ్మాడు, కబుర్లు మోసే పని చేశాడు. పదిహేడేళ్లకు చెక్కుడు పని నేర్చుకున్నాడు, మొదట ఉక్కు, రాగి, కొయ్య మీద, తర్వాత వెండి మీద. అక్కడి డబ్బున్న ఇళ్లలో వెండి చెంచాలు, పళ్లేల మీద ఇంటివాళ్ల పేరు తొలి అక్షరాలు అల్లి చెక్కించుకునేవాళ్లు. అచ్చంగా నీ పనే.

పగలు కూలి, రాత్రి చదువు. 1866 నుంచి ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా అకాడమీలో బొమ్మలు నేర్చుకున్నాడు. తర్వాత న్యూయార్క్ వెళ్లి నగల దుకాణాలకు వెండి చెక్కుతూనే నేషనల్ అకాడమీకి, కూపర్ యూనియన్‌కి వెళ్లాడు. ఈ కూపర్ యూనియన్ గురించి నీకు చెప్పాలి. పీటర్ కూపర్ అనే పెద్ద వ్యాపారి పనివాళ్ల పిల్లలు ఫీజు లేకుండా చదువుకోవాలని 1859లో పెట్టించింది. రాత్రి క్లాసులు ఉండేవి. నీకు పద్దెనిమిదేళ్లప్పుడు మన ఊళ్లో అలాంటిది ఒకటి ఉండుంటే ఎంత బాగుండేది అని చదువుతున్నంతసేపూ అనిపించింది.

కూలి ఎప్పుడు వదిలాడని అడిగావు. మనకు తెలిసిన ఆయన మొదటి ఆయిల్ బొమ్మలు 1874 నాటివి. 1875లో చెక్కుడు పని మానేశాడు. అప్పటికి ఉలి పట్టి దాదాపు పదేళ్లు. 1873లో అక్కడ బ్యాంకులు కూలి వ్యాపారాలన్నీ పడిపోయి ఉన్నాయి, అంటే రోజులు బాగున్నాయని వదిలింది కాదు. మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియా తిరిగి వెళ్లి అకాడమీలో మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి.

వస్తువులే ఎందుకు వేశాడన్నది ఆయనే ఒక పేపరువాళ్లకు చెప్పాడు. తోటి విద్యార్థుల్లా మనిషికి డబ్బులిచ్చి మోడల్‌గా కూర్చోబెట్టుకునే స్తోమత లేక, ఒక పొగాకు పైపును, ఒక జర్మన్ బీరు మగ్గును ఎదురుగా పెట్టుకుని వేశాడట. అది ప్రదర్శనకు తీసుకున్నారు, అమ్ముడుపోయింది కూడా. నీ చెంబు రాత్రి పదకొండింటికి కూడా పెట్టినచోటే ఉంటుందని రాశావు చూడు, అక్కడ చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ తర్వాత చాలాకాలం అవే వేశాడు. బల్ల అంచు, దాని మీద మగ్గు, పైపు, రాలిన బూడిద, కాలిన అగ్గిపుల్ల, మడత పెట్టిన పేపరు. చిన్న చిన్న బొమ్మలు. పేపరు పైన ఉన్న పేరు చదవగలం, కింద అక్షరాల వరసల దగ్గరికి వెళ్తే వట్టి మచ్చలు. ఎక్కడ పూర్తిగా చెక్కాలో, ఎక్కడ వదిలేయాలో పేర్లు చెక్కేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

కూడబెట్టిన డబ్బుతో 1880లో యూరప్ వెళ్లాడు. ఎక్కువ కాలం మ్యూనిక్‌లో ఉన్నాడు. ‘వేట తర్వాత’ అనే బొమ్మను ఒకటి కాదు, నాలుగు సార్లు వేశాడు, మొదటి మూడూ అక్కడ, నాలుగోది పారిస్‌లో. తలుపుకు వేలాడదీసిన కుందేలు, పిట్టలు, తుపాకీ, కొమ్ము, టోపీ. నాలుగోది దాదాపు ఆరడుగుల ఎత్తు. 1885లో పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టారు. ఆఖరికి అది ఎక్కడికి చేరిందనుకున్నావు? న్యూయార్క్‌లో వారెన్ స్ట్రీట్‌లో థియోడర్ స్టూవర్ట్ అనే ఆయన సెలూన్ గోడ మీదికి. మన దగ్గర సెలూన్ అంటే క్షవరం, వాళ్ల దగ్గర అంటే మందు అమ్మే చోటు. తాగడానికి వచ్చినవాళ్లు ఆ తుపాకీ నిజమా, బొమ్మా అని పందేలు కాసేవాళ్లు. ఇప్పుడు అది శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంది.

ఎవరు కొన్నారు అంటే ఇదే జవాబు. వ్యాపారులు, దుకాణదారులు, బార్ యజమానులు. నీ బేగంబజార్ సేట్‌ల లాంటివాళ్లే. వస్తువును చేత్తో పట్టుకుని చూసి ధర కట్టే అలవాటున్నవాళ్లు. పెద్ద విమర్శకులు మాత్రం అవును, నీతో అన్నమాటే ఆయనతోనూ అన్నారు. ఉన్నది దించడం, కంటిని మోసం చేయడం, ఇందులో మనసుకు పనేముందని. 1886లో సిన్సినాటి ప్రదర్శనలో ఈ వయొలిన్ పెట్టినప్పుడు, జనం ముట్టుకుని చూడకుండా పక్కన కాపలా మనిషిని నిలబెట్టాల్సి వచ్చింది. ఆ బొమ్మను కొన్న టక్‌ఫార్బర్ అనే ప్రింటింగ్ ఆయన మరుసటి ఏడాది దాన్ని రంగుల అచ్చు వేయించాడు. మన ఇళ్లలో రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలు ఉండేవి కదా, అదే పద్ధతి అచ్చు. నీకు ఇంకో విషయం చెబుతాను, రవివర్మ పుట్టింది కూడా 1848లోనే. ఇద్దరి మధ్య మూడు నెలల పైచిలుకు తేడా అంతే.

ఇక ఫోటో మాట. ఫోటో తీసే పద్ధతిని పారిస్‌లో లోకానికి ప్రకటించింది 1839లో. అంటే హార్నెట్ పుట్టేసరికే ఫోటోకు తొమ్మిదేళ్లు. ఆయన మ్యూనిక్ వెళ్లక ముందే అడాల్ఫ్ బ్రాన్ అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ వేట సామాను గోడకు వేలాడదీసి పెద్ద పెద్ద ఫోటోలు తీసి ఉన్నాడు. ఫోటో చాలు అనుకుంటే ఆ జనం హార్నెట్ బొమ్మ ముందు ఎందుకు గుమిగూడారు? ఫోటో ముందు కాపలా మనిషి అవసరం పడలేదు.

పని మర్మం ఒకటి గమనించు. లోతు తక్కువగా ఉండాలి. మన రెండు కళ్లు రెండు కోణాల నుంచి చూస్తాయి, అందుకే దగ్గరి లోతు ఇట్టే పట్టేస్తాయి. బొమ్మలో వీధి, చెట్టు, ఆకాశం వేస్తే ఎంత బాగా వేసినా కన్ను ఇది బల్లపరుపు బట్ట అని చెప్పేస్తుంది. తలుపుకు అంటిపెట్టుకుని రెండు మూడు అంగుళాలు మాత్రమే ముందుకొచ్చే వస్తువులైతే కన్ను తేల్చుకోలేదు. అందుకే మేకు, తలుపు, వేలాడే వస్తువు, కొలత అసలుదంతే, నీడ ఒకే వైపు. నీ చెంబును బల్ల మీద పెట్టకుండా మేకుకు తగిలించి చూడు.

ఆయన కొత్త వస్తువులు వేయడానికి ఇష్టపడలేదు. వాడి వాడి రంగు మాగిన వస్తువే బొమ్మలో బాగుంటుందని చెప్పేవాడు. చివరి ఏళ్లలో కీళ్లనొప్పులతో, మూత్రపిండాల జబ్బుతో చాలా బాధపడ్డాడు, యూరప్‌లో వేడినీటి ఊటల దగ్గర వైద్యానికి కూడా వెళ్లాడు. చెయ్యి పనిచేయని నెలలు ఉండేవి. 1892 అక్టోబరు 29న న్యూయార్క్‌లో చనిపోయాడు, నలభై నాలుగేళ్లకు. అదే ఏడాది వేసిన ఒక బొమ్మలో పాత వయొలిన్, ఊదే కొమ్ము, జాడీ, చినిగిన పుస్తకాలు ఉన్నాయి. దానికి పేరు ‘పాత మోడళ్లు’. మనిషిని కూర్చోబెట్టుకోవడానికి డబ్బుల్లేక పైపును, మగ్గును మోడళ్లు చేసుకున్నవాడు ఆ మాట చివరిదాకా వదల్లేదు.


బేగంబజార్ బల్ల

టీచర్ గారూ, ఇది బల్ల దగ్గరే కూర్చుని మూడుసార్లు చదివాను. ఎవరో గిన్నె పెట్టి నిలబడితే కాసేపు చూసుకోలేదు. ఆయన పదేళ్లు చెక్కాడు, నేను పంతొమ్మిదేళ్లు. ఆ లెక్క మనసులో తిరుగుతోంది.

ఒక సందేహం. తలుపుకు అంటిపెట్టుకున్న వస్తువులు అన్నారు కదా. అన్నిటికంటే పల్చటి వస్తువు కాగితం. గోడకు అంటించిన ఐదు వందల నోటు ఒకటి అసలు కొలతలో వేద్దామని ఉంది. దాని గీతలు నా చేతికి తెలుసు.


జవాబు — విశ్రాంత క్యాషియర్, మలక్‌పేట్

ఆగు తమ్ముడూ. నోటు మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాలి, నలభై ఏళ్లు నోట్లు లెక్కపెట్టినవాణ్ణి.

మీ హార్నెట్ అదే పని చేసి చిక్కుల్లో పడ్డాడు. 1877లో పాతబడి నలిగిన ఐదు డాలర్ల నోటు ఒక్కదాన్నే బొమ్మగా వేశాడు. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. అలాంటి నోటు బొమ్మలు మరికొన్ని వేశాడు. 1886లో స్టూవర్ట్ సెలూన్‌లో ఉన్న ఒకదాన్ని సీక్రెట్ సర్వీస్ వాళ్లు పట్టుకెళ్లారు, ఆయన్ను ప్రశ్నించారు. ఇప్పుడు ప్రెసిడెంటు పక్కన నల్ల కళ్లద్దాలతో నడిచేవాళ్లే వాళ్లు. కానీ ఆ శాఖను 1865లో పెట్టిందే దొంగనోట్లు పట్టుకోవడానికి. జైలు దాకా పోలేదు, మళ్లీ వేయొద్దని హెచ్చరించి వదిలేశారు. ఆయన మళ్లీ డబ్బు బొమ్మ వేయలేదు.

చెక్కుడు పనివాడికి నోటు మీద మనసు పోవడం నాకు అర్థమవుతుంది. నోటు పుట్టేదే చెక్కిన పలక నుంచి. మన నోటు మీద గాంధీగారి బొమ్మను వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. పలకలో చెక్కిన గీతల్లో సిరా నింపి గట్టిగా ఒత్తి అచ్చు వేయడం వల్ల వచ్చే ఎత్తు అది. కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లు బ్యాంకులో దాన్ని తడిమే నోటు గుర్తుపట్టేవాళ్లు. నేను కొత్త క్లర్కులకు నేర్పింది కూడా ముందు వేలు, తర్వాత కన్ను అని.

కానీ మన చట్టంలో కూడా నోటును పోలిన కాగితం తయారుచేయడం నేరమే. నీ ఉద్దేశం మంచిదే, అయినా అసలు కొలతలో వేయొద్దు. మా ఇంట్లో నిజాం కాలం హాలీ సిక్కా వెండి రూపాయి ఒకటి ఉంది, మీద చార్మినార్ చెక్కి ఉంటుంది. అరిగిపోయి చార్మినార్ నాలుగు మినార్లలో ఒకటి నున్నబడింది. అది మా అమ్మ ముడుపు కట్టిన రూపాయి. నువ్వు వేస్తానంటే వచ్చి ఇస్తాను. పని అయ్యేదాకా నీ దగ్గరే పెట్టుకో.


జవాబు — చాదర్‌ఘాట్ సోషల్ మాస్టారు

టీచర్ గారూ, ఒకటి అడుగుతాను. అంత పేరున్న మనిషిని మనం ఎందుకు వినలేదు? అమెరికాలో అయినా ఆయన పేరు నిలబడిందా?


జవాబు — నల్లకుంట డ్రాయింగ్ టీచర్

నిలబడింది, కానీ మధ్యలో ఒకసారి పూర్తిగా చెరిగిపోయింది. 1893లో ఫిలడెల్ఫియాలో ఆయన సామానంతా, ఆ మోడళ్లతో సహా, వేలం వేశారు. తర్వాత నలభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1935లో న్యూయార్క్ గ్యాలరీ నడిపే ఈడిత్ హాల్పర్ట్ అనే ఆమెకు ఆయన వేసిన పాత రివాల్వర్ బొమ్మ దొరికింది. మేకుకు వేలాడే తుపాకీ, పిడికి పగుళ్లు. దాన్ని హార్ట్‌ఫర్డ్ మ్యూజియం కొన్నది. ఆమె ఇంకా వెతికింది, ప్రదర్శన పెట్టింది. అప్పటి నుంచి పేరు, ధర రెండూ పెరిగాయి.

అక్కడే ఒక అన్యాయం జరిగింది. జాన్ పీటో అని ఫిలడెల్ఫియావాడే ఇంకో పెయింటర్. హార్నెట్ కంటే ఆరేళ్లు చిన్న, ఆయనంటే చాలా గౌరవం. ఇదే రకం బొమ్మలు వేసేవాడు. 1889లో న్యూజెర్సీలో ఐలాండ్ హైట్స్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయి, భజన సభల్లో బాకా ఊదుతూ, వచ్చిపోయేవాళ్లకు బొమ్మలు అమ్ముకుంటూ బతికాడు. 1907లో పోయాడు. ఆయన బొమ్మల మీద ఎవరో హార్నెట్ సంతకం పెట్టి అమ్మేశారు. మ్యూజియాలు కూడా హార్నెట్‌వనే కొన్నాయి.

ఇది బయటపెట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో విమర్శలు రాసే ఆల్ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టైన్. 1940ల చివర్లో ఐలాండ్ హైట్స్‌లో పీటో ఇంటికి వెళ్లి చూస్తే, హార్నెట్‌వి అనుకున్న బొమ్మల్లోని దీపాలు, మగ్గులు, పుస్తకాలు ఆ ఇంట్లోనే కనిపించాయి. తర్వాత చేతిని చూశాడు. హార్నెట్ గీత తెగినట్టు స్పష్టంగా ఉంటుంది, ఇనుము ఇనుములా, కాగితం కాగితంలా. పీటో చేతిలో అన్నీ మెత్తబడి ఒకే వెలుగులో పొడిపొడిగా ఉంటాయి. చెక్కుడు నేర్చిన చెయ్యి, నేర్వని చెయ్యి. రెండూ గొప్పవే. కానీ ఒక మనిషి ఆయుష్షంతా వేసినవి ఇంకొకరి పేరు మీద గోడలకు వేలాడాయి. నాకు పీటో తలపుకొచ్చినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

నాయనా బేగంబజార్ అబ్బాయీ, హార్నెట్ తన సంతకంలో విలియం, మైఖేల్, హార్నెట్ అన్న మూడు మాటల తొలి అక్షరాలనూ ఒకదానిలో ఒకటి అల్లి వేసేవాడు. చెంచాల మీద ఇతరుల పేర్లు అల్లిన పద్ధతే. నువ్వు ఏం వేస్తున్నావు? బొమ్మ మీద నీ పేరు ఎక్కడ పెడతావు?


బేగంబజార్ బల్ల

టీచర్ గారూ, మీరు అడిగాక లేచి వెళ్లి చూశాను. ఆరేళ్లలో వేసిన ఇరవై మూడు బొమ్మల్లో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు. గ్యాలరీకి తీసుకెళ్లిన మూడింటి మీద కూడా లేదు. రోజుకు నలభై యాభై పేర్లు చెక్కుతాను. ఇది ఎందుకు తట్టలేదో తెలియడం లేదు. నాయిన కూడా ఎప్పుడూ ఎక్కడా తన పేరు చెక్కుకోలేదు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి బిందె మీద మా నానమ్మ పేరు ఉంది, అది ఆయన చెక్కిందే.

మీరు చెప్పినట్టు మొన్న గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లాను. ఒక పాత తలుపు రెక్క ముక్క, మూడడుగులు ఉంటుంది, మడతబందుతో సహా దొరికింది. ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా లేచి ఉంది. దాని మీద నాయిన సుత్తిని తోలు తాడుతో తగిలించాను, పక్కన సన్న ఉలి. కింద క్యాషియర్ సార్ ఇచ్చిన హాలీ సిక్కా రూపాయికి ఒక మూల వెతుకుతున్నాను. సార్ స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి రూపాయి ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లారు. సుత్తి పిడి మీద నాయిన బొటనవేలు పడి పడి ఒక గుంట ఉంది. రాత్రి బల్బు పక్క నుంచి పడితే ఆ గుంటలో చిన్న నీడ వస్తోంది. మూడు రాత్రుల నుంచి అదొక్కటే గీస్తున్నాను.

పేరు సంగతి మీరే చెప్పాలి. కుంచెతో రాయాలా, లేక తడి రంగులో నా సన్న ఉలితో గీయొచ్చా? చెక్కడమైతే నా చెయ్యి వణకదు. కుంచెతో అక్షరాలంటే టెన్షన్‌గా ఉంది.


జవాబు — నల్లకుంట డ్రాయింగ్ టీచర్

రెండూ చేస్తారు. రంగు పచ్చిగా ఉన్నప్పుడు గీస్తే కింది పొర బయటపడుతుంది, ఆకుపచ్చ తలుపు మీద అది పాత గాటులా బాగుంటుంది. కానీ ఉలి వద్దు, బట్ట తెగుతుంది. కుంచె వెనక కర్రను కత్తితో సన్నగా చెక్కి దానితో గియ్యి. ముందు ఒక పాత బట్ట మీద నాలుగుసార్లు సాధన చెయ్యి. ఆ పాత ఇరవై మూడింటి రంగు ఎండిపోయింది కాబట్టి వాటి మీద కుంచెతోనే రాయాలి. పొడుగు వెంట్రుకల సన్న కుంచె తీసుకో, రంగును కాస్త టర్పెంటైన్‌తో పల్చన చెయ్యి, ఊపిరి బిగబట్టకు. శనివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను. నాలుగైదు బొమ్మలు పట్టుకుని రా, ఇద్దరం కూర్చుని రాద్దాం.